నారాయణగూడ సందులో పళ్ల కొలిమి

నారాయణగూడ మెట్రో మెట్లు దిగి, ఫ్లైఓవర్ నీడ దాటి ఓ సందులోకి తిరిగితే ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. ఒక టిఫిన్ బండి, ఒక జిరాక్స్ షాపు, రంగు వెలిసిన మూడంతస్తుల అపార్ట్‌మెంట్. కాసేపు గేటు దగ్గర నిలబడితే మాత్రం ఒక విచిత్రం గమనిస్తారు. పది నిమిషాలకో బైకు వచ్చి ఆగుతుంది. హెల్మెట్ తీయకుండానే కుర్రాడు పైకి పరిగెత్తి జిప్ కవర్లు ఇచ్చేసి, ఇంకొన్ని పట్టుకుని దిగిపోతాడు. ఫుడ్ డెలివరీ అనుకుంటారు. కానీ ఆ కవర్లలో ఉన్నవి నోళ్లు. గులాబీ, నీలం రంగు ముద్దల్లో దిగిన ఎవరెవరివో పళ్ల అచ్చులు.

రెండో అంతస్తులో డెంటల్ ల్యాబ్ ఉంది. డాక్టరు మన నోట్లో అచ్చు తీసి "వారం తర్వాత రండి" అంటారు కదా, ఆ వారం మన పన్ను ఉండేది ఇలాంటి చోటే.

నేను వెళ్లడానికి కారణం మా అమ్మ దవడ పన్ను. కింద కుడివైపు, చివరి నుంచి రెండోది. రూట్ కెనాల్ అయిపోయింది, ఇక క్యాప్ వేయాలి. మా కాలనీ క్లినిక్‌లో ఒక చార్టు చేతిలో పెట్టారు. పీఎఫ్ఎం 4,500. జిర్కోనియా 9,000. ప్రీమియం జిర్కోనియా 16,000, పదిహేనేళ్ల వారంటీ. శనివారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. అమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది. 16 వేలంటే ఆమెకు ఎన్ని బ్లౌజులో నాకు తెలుసు. అలాగని తక్కువది వేయించి రెండేళ్లకు పన్నే పోతే? ఆ చార్టులో ధరలున్నాయి, వారంటీలున్నాయి. ఏ పన్నుకి ఏది అన్నది మాత్రం లేదు. ఫ్రెండ్ ఒకడు తనకు తెలిసిన ల్యాబ్ ఉందని, వెళ్లి చూడమని అడ్రస్ పంపాడు.

ల్యాబ్ నడిపే అన్నది నల్గొండ జిల్లా. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. పేరు రాయొద్దన్నాడు. నేను వెళ్లగానే అడగాల్సింది అడిగేశాను, "అన్నా, ఏ మెటీరియల్ మంచిది?"

ఆయన చేతిలో బ్రష్ ఆపలేదు. "ఏ పన్నుకు తమ్మీ?"

చెప్పాను.

"పన్ను పొడుగుందా, పొట్టిదా? రాత్రిపూట పండ్లు కొరుకుతదా అమ్మ? ఎదురుగ ఉన్నది సొంత పన్నేనా?"

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "మరి నన్నేం జెప్పమంటవ్? కూసో, చాయ్ తాగు, చూడు" అన్నాడు. కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాను.

మొదటి గది పిండిమరలా ఉంటుంది. అచ్చుల్లో పసుపు రంగు స్టోన్ పోసి, వైబ్రేటర్ మీద గాలి బుడగలు పోయేదాకా ఆడిస్తారు. గట్టిపడ్డాక ఊడదీస్తే ఎవరిదో దవడ. క్యాప్ వేయాల్సిన పన్ను మోడల్‌ను రంపంతో విడిగా కోసి, అంచు ఎక్కడుందో ఎర్ర పెన్సిల్‌తో గీస్తారు. ఆ అంచు అచ్చులో సరిగా పడకపోతే ఎంత ఖరీదైన మెటీరియల్ అయినా వృథా. క్యాప్‌కీ పన్నుకీ మధ్య సందు మిగిలిపోతుంది, అందులో పుచ్చు మొదలవుతుంది. నేనున్న కాసేపట్లోనే ఓ అచ్చును అన్న పక్కన పడేసి, క్లినిక్‌కి ఫోన్ చేసి మళ్లీ తీసి పంపమన్నాడు. చార్టులో ఈ వరస ఎక్కడా ఉండదు.

తర్వాతి గదిలో పీఎఫ్ఎం. పింగాణీ కింద లోహం అన్నమాట. 1960ల నుంచి ప్రపంచమంతా నడిపించిన క్యాప్ ఇదే. మన అమ్మానాన్నల నోళ్లలో ఉన్నవి ఎక్కువగా ఇవే. ముందు మైనంతో పన్ను తొడుగు చెక్కుతారు. దాని చుట్టూ మట్టిలాంటి ముద్ద పోసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహాన్ని పోస్తారు. మన శిల్పులు పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతే, సైజు మాత్రం శనగగింజంత. ఆ లోహపు టోపీ మీద ముందు తెల్లటి పూత వేస్తారు, లోపలి నలుపు కనపడకుండా. ఆపైన పింగాణీ పొడిని తడిపి బ్రష్‌తో పొరలు పొరలుగా పెంచుతారు. కాల్చితే కుంచించుకుపోతుంది కాబట్టి కావాల్సినదానికంటే లావుగా కడతారు. ఆ బ్రష్ పని చేస్తున్న అబ్బాయి అరగంటలో ఒక్కసారి తలెత్తలేదు.

పీఎఫ్ఎంని ఇప్పుడు అందరూ చిన్నచూపు చూస్తారు గానీ అది అంత చెడ్డదేం కాదు. పన్నుకి చక్కగా పడుతుంది, గట్టిది, ధర అందుబాటులో ఉంటుంది. దాని బాధలు రెండు. ఒకటి, గట్టిగా కొరికేవాళ్లకు పైనున్న పింగాణీ పెచ్చులూడొచ్చు. రెండోది మా ఇంట్లోనే ఉంది. అమ్మ పైవరసలో ముందు పన్నుకి పద్దెనిమిదేళ్ల కిందట వేసిన క్యాప్ ఉంది. చిగురు కొద్దిగా పైకి జరిగింది, కింద లోహపు అంచు నల్లగీతలా కనపడుతుంది. ఫొటో తీస్తే పెదవి మూసేస్తుంది. ఇన్నాళ్లూ అది పళ్లు సరిగా తోమకపోవడం వల్ల అనుకుంటున్నాం మేము.

ఇక్కడే అన్న ఇంకో ప్రశ్న అడిగాడు. "అమ్మకు గిల్టు కమ్మలు పడ్తయా?"

పడవు. రోల్డ్ గోల్డ్ పెట్టుకుంటే రెండు రోజుల్లో చెవులు ఎర్రబడి రసి కారతాయి. పెళ్లిళ్లకు కూడా ఉన్న ఆ ఒక్క జత బంగారు దుద్దులే పెట్టుకుంటుంది. కానీ దానికీ పన్నుకీ ఏం సంబంధం?

ఉంది. చవక నగల్లో ఆ దురదకు ఎక్కువసార్లు కారణం నికెల్. పీఎఫ్ఎంలో ఎక్కువగా వాడే లోహం నికెల్-క్రోమియం మిశ్రమం. నికెల్ పడనివాళ్లకు నోట్లో కూడా అది ఇబ్బంది పెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి ముందే డాక్టరుకి చెప్పాలి. అప్పుడు కోబాల్ట్-క్రోమియం వాడొచ్చు, లేదా లోహమే లేనిది చూసుకోవచ్చు. ఒకప్పుడైతే బంగారు మిశ్రమం ఉండేది. బంగారం సహజమైన పన్నులాగే అరుగుతుంది, ఎదురు పన్నుని ఇబ్బంది పెట్టదు. "నేనొచ్చిన కొత్తల చేసిన తమ్మీ. ఇప్పుడు తులం రేటు జూసి ఎవడేపించుకుంటడు?" అని నవ్వాడు.

ఏసీ ఉన్న గది ఒక్కటే, అది జిర్కోనియాది. మనుషుల కోసం కాదు, మెషీన్ల కోసం. స్కానర్ పళ్ల మోడల్‌ని చూసి స్క్రీన్ మీదికి ఎక్కిస్తుంది. ఒకమ్మాయి మౌస్‌తో పన్ను మీద గుంతలు, గట్లు దిద్దుతోంది. గేమ్ ఆడుతున్నట్టే ఉంది. పక్క మెషీన్‌లో తెల్లటి గుండ్రటి డిస్క్, చిన్న ప్లేటంత. సన్నటి డ్రిల్లులు దాన్ని అన్ని వైపుల నుంచీ చెక్కుతుంటే సుద్దపొడి రాలుతోంది. చెక్కిన పన్నుని అరచేతిలో పెట్టారు. మామూలు పన్ను కంటే పెద్దగా ఉంది, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా. ఇదా గట్టిది?

ఇంకా కాలలేదు. కొలిమిలో సుమారు 1,500 డిగ్రీల దగ్గర కాలిస్తే అది కుంచించుకుపోయి అసలు సైజుకి వస్తుంది. అందుకే కంప్యూటర్ ముందే లెక్కేసి 20 నుంచి 25 శాతం పెద్దగా చెక్కిస్తుంది. బయటికొచ్చాక సుత్తికి జవాబు చెప్పేలా ఉంటుంది. కాల్చక ముందొకటీ, కాల్చిన తర్వాతదొకటీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. తల్లీపిల్లా ఏనుగుల్లా ఉన్నాయి.

జిర్కోనియా గట్టిదనం వెనక ఓ ముచ్చటైన సంగతి ఉంది. మామూలు పింగాణీలో పగులు మొదలైతే సర్రున సాగిపోతుంది, కాఫీ కప్పులాగా. జిర్కోనియాలో పగులు కొస దగ్గరున్న రేణువులు ఆ ఒత్తిడికి ఆకారం మార్చుకుని కొంచెం ఉబ్బుతాయి. ఉబ్బి, పగులుని రెండు పక్కల నుంచీ నొక్కేస్తాయి. అది అక్కడే ఆగిపోతుంది. ఈ గుణం కోసమే అందులో కొద్దిగా ఇట్రియా కలుపుతారు.

ఇప్పుడు చార్టులో ఎవరూ రాయని విషయానికి వద్దాం. జిర్కోనియా అంటే ఒకటి కాదు. ఇట్రియా పాళ్లు పెంచితే పన్నులోంచి వెలుతురు బాగా పారుతుంది, సహజంగా కనిపిస్తుంది. కానీ బలం తగ్గుతుంది, దాదాపు సగానికి. ఇట్రియా తక్కువున్నది చూడ్డానికి కాస్త సుద్దలా ఉంటుంది, బలంలో మాత్రం మొండిఘటం. మళ్లీ కొన్నింటిని మొత్తం ఒకే ముక్కగా చెక్కుతారు. ఇంకొన్నింటికి అందం కోసం పైన పింగాణీ పొర వేస్తారు, ఆ పొర మళ్లీ పెచ్చులూడొచ్చు. మా చార్టులోని 16 వేలది ఏదని క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగాను. కాసేపు లైన్లో ఉంచి చెప్పారు. ఎక్కువ వెలుతురు పారేది, పైన పింగాణీ పొర ఉన్నది. అంటే ముందు పళ్లకు అందంగా ఉండేది. అమ్మ దవడ చివర, ఆవులిస్తే తప్ప కనపడని పన్నుకి!

అన్న ఇంకో మాట కూడా చెప్పాడు. జిర్కోనియా మీద మెరుపు రెండు రకాలు. గ్లేజ్ పైపూత, కొన్నాళ్లకు అరిగిపోతుంది. కింద గరుకుగా ఉంటే ఎదురుగా ఉన్న సొంత పన్నుని రాపాడేస్తుంది. దాన్నే అద్దంలా పాలిష్ చేస్తే ఎదురు పన్నుకి అంత హాని ఉండదు. "గట్టిదే మంచిదనుకుంటరు. గట్టిదాన్ని నున్నగ జేసుడే అసలు పని." ఇంకో చిక్కూ ఉంది. రేపెప్పుడైనా లోపల మళ్లీ ఇన్‌ఫెక్షన్ వచ్చి క్యాప్ తీయాల్సి వస్తే, జిర్కోనియాని కోయడం డాక్టరుకి చుక్కలు చూపిస్తుంది. అందుకే రూట్ కెనాల్ కుదురుకుందని నమ్మకం కలిగాకే వేయించుకోవడం మేలు.

కిటికీ దగ్గర షెల్ఫులో ఊదా రంగు చిన్న దిమ్మెలు కనిపించాయి. చాక్లెట్లనుకున్నాను. లిథియం డైసిలికేట్, క్లినిక్కుల్లో ఈమ్యాక్స్ అంటారు. చెక్కేటప్పుడు ఊదాగా ఉండి, 850 డిగ్రీల దగ్గర కాల్చగానే పన్ను రంగులోకి మారుతుంది. అందంలో దీన్ని కొట్టేది లేదు, ముందు పళ్లకు రాజు. జిర్కోనియా అంత బలం లేదు గానీ పన్నుకి బాగా అతుక్కుంటుంది. దీంతో గొడవ ఒకటే, వెలుతురు లోపలిదాకా వెళ్తుంది కాబట్టి లోపలున్నది బయటికి కనిపిస్తుంది. కింద పన్ను నల్లబడి ఉన్నా, లోహపు పోస్టు ఉన్నా క్యాప్ బూడిదరంగు తేలుతుంది. అలాంటిచోట వెలుతురుని ఆపేదే కావాలి. అంటే ఖరీదైన అందం అక్కడ పనికిరాదు. బైక్ మీంచి పడి ముందు పన్ను విరిగిన కాలేజీ కుర్రాళ్లు రీల్స్ చూసి "ఈమ్యాక్సే కావాలి" అని పట్టుబడతారట. ముందు కింద పన్ను ఏ రంగులో ఉందో చూడమంటాడు అన్న.

రంగు అనగానే ఆయన గొంతు మారింది. షేడ్ గైడ్ తీశాడు. తాళంచెవుల గుత్తిలా పదహారు పళ్లు, ఏ1 నుంచి డీ4 దాకా. "మా ఊరోళ్లవి ఈ పదహారులో ఒక్కటి గాదు తమ్మీ."

ఆయనది నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. చిన్నప్పుడు పళ్లు చిగుళ్లలో తయారవుతున్న వయసులో తాగిన నీళ్లు జీవితాంతం కనపడతాయి. సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు. తర్వాత మంచినీళ్లు వచ్చినా పెద్దవాళ్లయిన వాళ్ల పళ్లు మారవు. అక్కణ్ణించి పెళ్లి కుదిరిన ఓ అమ్మాయికి ఒక్క ముందు పన్ను విరిగి క్యాప్ కోసం వచ్చిందట. తెల్లటి పన్ను పెడితే అదొక్కటే ఎత్తి కనపడుతుంది. అన్నీ తెల్లగా చేయించుకోవాలంటే లక్ష పైమాట, పైగా బాగున్న పళ్లు కూడా అరగదీయాలి. అన్న ఆ ఒక్క క్యాప్ మీదే పక్క పన్ను చూసి సన్నటి బ్రష్‌తో గోధుమ చారలు దిద్దాడు. మూడుసార్లు కాల్చాడు. "మచ్చ కష్టపడి గీసుడు అదొక్కసారే" అన్నాడు. ఆ అమ్మాయి ఏమంది అనడిగితే, అద్దం చూసుకుని ఏ పన్ను కొత్తదో కాసేపు వెతుక్కుందట.

మధ్యాహ్నం అక్కణ్ణించి మెట్రోలో ఒక్క స్టేషన్, సుల్తాన్ బజార్. దిగి కోఠి మీదుగా పుత్లీబౌలి దాటి అఫ్జల్‌గంజ్ దాకా నడిచాను. ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నది అక్కడే, ఉస్మానియా ఆస్పత్రి పక్కన. మూసీ ఒడ్డున ఉన్న ఈ ఆస్పత్రుల చోటుకి ఓ ఘనత ఉంది. 1888, 1889ల్లో క్లోరోఫాం మత్తు ప్రమాదకరమా కాదా అని ప్రపంచమంతా చూసిన ప్రయోగాలు జరిగింది అప్పటి అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోనే. పంటి నొప్పితో ఇటు వచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఓపీ దగ్గర దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ల వరస. కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా కనిపించారు. ఖాళీ చూసుకుని ఓ పీజీ డాక్టరమ్మని అడిగితే రెండు మాటలు చెప్పింది. ఒకటి, రూట్ కెనాల్ అయిన ప్రతి పన్నుకీ క్యాప్ అక్కర్లేదు. ముందు పన్ను ఎక్కువ భాగం మిగిలి ఉంటే చాలాసార్లు మంచి ఫిల్లింగ్‌తో సరిపోతుంది. దవడ పన్నుకి మాత్రం వేయించాల్సిందే, లేకపోతే చీలిపోతుంది. రెండోది, క్యాప్ ఎంత గట్టిదన్నది తర్వాత, చిగురు పైన సొంత పన్ను చుట్టూతా కనీసం రెండు మిల్లీమీటర్లు మిగిలిందా చూసుకోండి. అది లేకపోతే ఏ క్యాప్ అయినా పన్నుతో సహా ఊడివస్తుంది.

ఈసీఐఎల్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఒకటి వెలిగింది. మా ఇంటి దగ్గరి ఎన్ఎఫ్‌సీ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971 నుంచి చేస్తున్న పనీ ఈ జిర్కోనియంతోనే! అణు రియాక్టర్లలో యురేనియం బిళ్లలు పెట్టే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు. మూలం జిర్కాన్ అనే ఖనిజం, సముద్రతీరపు నల్ల ఇసుకలో దొరుకుతుంది. మన భీమిలి, శ్రీకాకుళం తీరపు ఇసుకలో కూడా ఉంది. దాని పేరు పర్షియన్ 'జర్గూన్' నుంచి వచ్చిందంటారు, బంగారు రంగుది అని. చీరల జరీలో ఉన్నదీ ఆ 'జర్' మాటే. జిర్కోనియంతో పాటు కవలలా హాఫ్నియం పుడుతుంది. అది న్యూట్రాన్లని మింగేస్తుంది కాబట్టి రియాక్టర్ కోసమైతే కష్టపడి వేరు చేస్తారు. పంటికైతే ఆ బాధ లేదు, హాఫ్నియం అందులోనే ఉండిపోతుంది. ల్యాబ్‌లో నేను చూసిన డిస్కుల పెట్టె మీద మాత్రం జపాన్ అని ఉంది.

ఇంటికొచ్చి అమ్మని నోరు తెరవమని ఫోన్ టార్చ్ వేశాను. పన్ను పొట్టిదే. ఎదురుగా పైన ఉన్నది సొంత పన్ను. రాత్రి పళ్లు కొరుకుతుందా అని నాన్నని అడిగితే, "ముప్పై ఏండ్ల సంది ఇంటున్న" అన్నాడు.

ఇక లెక్క తేలిపోయింది. పొట్టి పన్నుని పీఎఫ్ఎం కోసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు అరగదీస్తే పట్టుకోవడానికి ఏం మిగలదు. నికెల్ ఎలాగూ కుదరదు. పొర వేసిన ప్రీమియం ఆ కొరుకుడికి ఆగదు. నికెల్ లేని పూర్తి లోహపు క్యాప్ నిజానికి మంచి ఎంపికే, తక్కువ అరగదీస్తే చాలు, పగలదు. కానీ అమ్మ "నోట్లె ఇనుము పెట్టుకోను" అని ఒక్కమాటలో కొట్టేసింది. మిగిలింది ఒకే ముక్కగా చెక్కిన, బలం ఎక్కువున్న జిర్కోనియా. అదీ ఒక మిల్లీమీటరు అరగదీస్తే సరిపోతుంది. చార్టులో మధ్య వరస, 9 వేలు. శనివారం క్లినిక్‌లో డాక్టరుకి ఇదంతా చెప్తే, సరేనని ల్యాబ్ చీటీ మీద 'పైన పొర వద్దు, పాలిష్ చేయాలి' అని రాశారు. రాత్రిపూట పెట్టుకోవడానికి నైట్ గార్డ్ కూడా చేయించమన్నారు. వారంటీ కార్డు వెనక సన్నక్షరాలు చదివాను. క్యాప్ విరిగితేనే వర్తిస్తుంది, కింద పన్ను పుచ్చితే కాదు.

ముందు పన్ను నల్లగీత కూడా మార్పించేద్దామా అన్నాను. ఎక్స్‌రేలో దాని లోపల లోహపు పోస్టు ఉంది, తీస్తే వేరు చీలే ప్రమాదం ఉందన్నారు డాక్టరు. "దాన్ని వదిలెయ్‌రా, దాని బతుకది బతుకుతుంది" అంది అమ్మ.

తొమ్మిదో రోజున క్యాప్ వచ్చింది. అతికించాక నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. ఒకచోట మచ్చ గట్టిగా పడింది. అక్కడ కొద్దిగా అరగదీశారు. ఇక అయిపోయిందని డాక్టరు కుర్చీ వెనక్కి జరపబోతుంటే అమ్మ వేలెత్తి ఆపింది. "సార్, ఆ అరగదీసినకాడ మళ్లా నున్నగ జేయాలంట కదా?"

ఆయన నా వంక చూసి, నవ్వి, పాలిష్ చేసే రబ్బరు బిట్టు తీసుకున్నారు.